ఆగస్టు మార్కులు

సోమవారం ఉదయం కోచ్ ఓడమ్ లైల్ ప్రూయిట్‌ని తన గదికి పిలిపించి, కూర్చోమని కూడా అనకుండా సంగతి చెప్పేశాడు. శుక్రవారం జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో మొదటి సగం లైల్‌ది. ఆ సగంలో బంతి చేరాల్సిన చేతుల్లోకి చేరిందా, సరే. లేదంటే రెండో సగం నుంచి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా పదో తరగతి కుర్రాడు రూబెన్ ఎస్కమిల్లా దిగుతాడు, ఈ ఏడాదికి ఇక అతనే. లైల్ పన్నెండో తరగతి. ఏ కాలేజీవాళ్ళూ అతని కోసం కాచుకుని కూర్చోలేదు. అంచేత ఈ ఏడాదికి పోయిందంటే జన్మకి పోయినట్టే.

"నాలుగు రోజులున్నాయి. బాగుపడు," అన్నాడు కోచ్.

"అలాగే సర్," అన్నాడు లైల్. ఎలా బాగుపడాలో అడగడానికి నోరు రాలేదు.

టెక్సస్ పడమటి కొసన, పత్తి చేల మధ్య ఉన్న మా హార్లన్ ఫ్లాట్‌లో జనం రెండువేల మూడొందలమంది. శుక్రవారం ఆట చూసే బల్లలు మాత్రం నాలుగువేల మందికి వేశారు. ఇందులో వింతేముందో మాకెవరికీ తెలీదు. క్వార్టర్‌బ్యాక్ ఇంటి ముందు గడ్డిలో అతని జెర్సీ అంకె రాసిన చెక్క పలక పాతుతారు. క్షౌరశాలలో అతని దగ్గర డబ్బు తీసుకోరు. పెళ్ళాం పుట్టినరోజు గుర్తుండని మగాళ్ళు కూడా ఆ కుర్రాడు పోయినేడు ఎన్నో ఆటలో ఎన్ని గజాలు విసిరాడో గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ఆడినంతకాలం ఆ మర్యాద సాగుతుంది. ఆడటం మానేశాక ఆ కుర్రాణ్ణి ఏం చెయ్యాలో మా ఊరు ఇంతవరకు ఆలోచించలేదు.

సెప్టెంబరు దాకా లైల్ బాగా ఆడాడు. క్వార్టర్‌బ్యాక్ పని చెప్పుకోడానికి చిన్నదే. బంతి చేతికొస్తుంది. ముందు అయిదుగురు భారీ కుర్రాళ్ళు గోడ కట్టి నిలబడతారు. ఆ గోడ ఆగేది రెండున్నర సెకన్లు. ఈలోపు దూరంగా పరిగెత్తేవాళ్ళలో ఎవడికి సందు దొరకబోతోందో కనిపెట్టి, వాడింకా చేరని చోటికి బంతిని పంపాలి. మీదికి దూకేవాడి వైపు చూడకూడదు. వాణ్ణి చూసిన క్షణంలో దూరాన ఉన్నవాడు చేజారిపోతాడు.

మూడు వారాల కిందట పొరుగూరి ఆటలో ఒకడు ఎడమవైపు నుంచి వచ్చి లైల్‌ని అమాంతం ఎత్తి నేలకేసి కొట్టాడు. తల వెనకవైపు ముందు తగిలింది. లేచి నిలబడ్డాడు, జనం చప్పట్లు కొట్టారు, మిగతా ఆట ఆడేశాడు. ఆ మిగతా ఆటలో ఒక్క ముక్క కూడా అతనికి ఇప్పటికీ గుర్తులేదు.

ఆనాటి నుంచి అన్నీ అడ్డం తిరిగాయి. బంతి వదిలేసరికి పరిగెత్తేవాడు అక్కడ ఉండడు, రెండడుగులు ముందుంటాడు. కోచ్ చెప్పిన ఎత్తుగడ పేరు గ్రౌండు అంచు గీత దగ్గర్నుంచి జట్టు దగ్గరికి నడిచేలోపే సగం కరిగిపోతుంది. క్లాసులో ట్యూబులైట్లు కళ్ళలో గుచ్చుకుంటాయి. మూడు ఆటల్లో ఏడుసార్లు బంతి అవతలివాళ్ళ చేతుల్లో పడింది. అంతకుముందు రెండేళ్ళు కలిపినా అన్నిసార్లు పడలేదు.

మరి తలకి దెబ్బ తగిలితే ఎవరూ చూడలేదా అంటే, చూశారు. మా బడిలో దెబ్బలూ బెణుకులూ చూసే ఆవిడ మిస్ బ్రెండా ఆ మరుసటి సోమవారమే లైల్‌ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తల పరీక్ష పెట్టింది. ఆ పరీక్ష కుర్రాళ్ళందరికీ ఏటా ఆగస్టులో, ఆటలు మొదలవకముందే ఒకసారి పెడతారు. మాటలు చూపించి మళ్ళీ గుర్తుపట్టమంటుంది, బొమ్మలు చూపిస్తుంది, రంగు మారగానే మీట నొక్కమంటుంది. ఆగస్టులో బాగున్నప్పుడు వచ్చిన మార్కు ఒకటుంటుంది గదా, దెబ్బ తగిలాక వచ్చిన మార్కుని దాని పక్కన పెట్టి చూస్తారు. బాగా తగ్గితే ఆట బంద్, డాక్టరు సరేననేదాకా హెల్మెట్ ముట్టుకోకూడదు.

ఇంత తెలివైన పరీక్షకి మా కుర్రాళ్ళు అంతకన్నా తెలివైన విరుగుడు కనిపెట్టారు. ఆగస్టులోనే తప్పులు చేస్తారు. అప్పుడు మార్కు తక్కువొస్తే, ఆ తర్వాత తల పగిలినా మార్కు తగ్గడానికి చోటుండదు. ఇది ఏ కోచ్ నేర్పిందీ కాదు. పెద్ద తరగతివాళ్ళు చిన్నవాళ్ళకి అప్పజెప్పుకుంటూ వస్తున్న విద్య. తండ్రులకి చూచాయగా తెలుసు, తెలియనట్టుంటారు. ఈ ఆగస్టులో ఆ పాఠం చెప్పినవాడు లైలే. బట్టలు మార్చుకునే గదిలో పదో తరగతివాళ్ళని బల్ల మీద వరసగా కూర్చోబెట్టి చెప్పాడు.

"పదింటికి మూడు తప్పు చెయ్యండి. నాలుగు చేస్తే మిషను పట్టేస్తుంది. రంగు మారగానే నొక్కొద్దు, మనసులో ఒకటి అనుకుని నొక్కండి. ఆగస్టులో తెలివి చూపించినవాడు అక్టోబరులో బెంచీ మీద కూచుంటాడు."

అందరూ నవ్వారు. రూబెన్ అయితే అరవైతొమ్మిది తెచ్చుకుని, గురువుగారి కన్నా రెండు తక్కువేనని జట్టంతా చెప్పుకున్నాడు. లైల్‌ది డెబ్బయి ఒకటి.

దెబ్బ తగిలిన తర్వాతి పరీక్షలో లైల్‌కి డెబ్బయి వచ్చింది. అప్పుడు కూడా అతను కావాలనే నెమ్మదిగా చేశాడు. ఆగస్టు కన్నా మరీ ఎక్కువొస్తే దొంగతనం బయటపడుతుంది గదా. తను ఆచితూచి చేశానని, అంచేత తల బాగానే ఉందని అతని నమ్మకం. మిస్ బ్రెండా కాగితం మీద సంతకం పెట్టింది. దాంతో తల మాట అక్కడితో ముగిసింది. ఇక మిగిలింది చెయ్యి. చెయ్యి కూడా బాగానే ఉంటే, ధైర్యం.

సోమవారం సాయంత్రం ఆరింటికి ఊరి మగాళ్ళు బడి భోజనశాలలో చేరి, గిన్నెల్లో చిల్లీ అనే మాంసం కూర పోసుకుని, గడిచిన శుక్రవారం ఆట తెర మీద చూడటం మా ఆనవాయితీ. కోచ్ పక్కన నిలబడి ఏది ఎందుకు చెడిందో చెబుతాడు. పత్తి మిల్లులో పనిచేసే డ్వేన్ ప్రూయిట్, లైల్ తండ్రి, రెండేళ్ళుగా ముందు బల్ల మీద కూర్చునేవాడు. ఆ సోమవారం వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర మీద కొడుకు బంతి విసిరిన ప్రతిసారీ కోచ్ బొమ్మ ఆపాడు. ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని డ్వేన్ తర్వాత భార్యతో అన్నాడట. మనిషి ముఖం చూసి మాట ఆపుకోవడం కన్నా పెద్ద తిట్టు మా ఊళ్ళో లేదు.

డ్వేన్ ఇంటికొచ్చి పెరట్లో పాత ఉయ్యాల కమ్మీకి ట్రాక్టరు టైరు వేలాడదీశాడు. కొడుకుని పిలిచి ఇరవై గజాల దూరంలో నిలబెట్టాడు.

"దాంట్లోంచి వెయ్యి," అన్నాడు.

లైల్ వేశాడు. పదిలో రెండు దూరాయి. తండ్రి టైరుని ఊపి వదిలాడు. ఊగే టైరులోంచి ఒక్కటీ దూరలేదు. టైరు ఎటు వెళ్తోందో లైల్‌కి కనిపిస్తూనే ఉంది, కాని కనిపించేసరికే అది అక్కడ ఉండటం లేదు. ఆ మాట ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. వాడు నిన్ను కింద పడేసినప్పటి నుంచి నీకు భయం పట్టుకుందా?"

"లేదు డాడీ."

"పట్టుకుంటే పట్టుకుందని చెప్పరా. తప్పులేదు. అందరికీ పట్టుకుంటుంది. కాని దాన్ని విదిలించుకోవాలి."

"నాకు భయం లేదు డాడీ."

"మరేంటి?"

లైల్ కింద పడ్డ బంతులు ఏరాడు. తండ్రి ఇంకో బంతి చేతికిచ్చి, టైరు దగ్గరికి నడిచాడు.

ఆ వారం లైల్ పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. పొద్దున్న అయిదున్నరకి లేచి గ్రౌండులో పరిగెత్తాడు. మధ్యాహ్నం భోజనం మానేసి కోచ్ గదిలో తెర ముందు కూర్చుని అవతలి జట్టు ఆట చూశాడు. అరగంట దాటేసరికి కణతలు పేలిపోతుంటే ఒక కన్ను మూసుకుని చూశాడు. ఎత్తుల పేర్లు చిన్న అట్టముక్కల మీద రాసి జేబులో పెట్టుకుని, తరగతి తరగతికీ నడుస్తూ చదివాడు. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక టైరులోకి మూడొందల బంతులు వేశాడు. బుధవారం నూటయాభై దాటాక పెరటి షెడ్డు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. దానిమీద కాలితో మట్టి కప్పి, మూతి తుడుచుకుని, వచ్చి మిగతా నూటయాభై వేశాడు. బాగుపడటమంటే కష్టపడటమేనని చిన్నప్పటి నుంచి విన్నాడు పాపం. ఎంత కష్టపడితే అంత చెడుతోందని ఎవరితో చెప్పుకుంటాడు?

అదే బుధవారం రాత్రి చర్చిలో ప్రార్థన కూటం. ఎవరికి ఏ అవసరముందో చెప్పమని పాస్టరుగారు అడిగినప్పుడు, తల్లి రోండా లేచి, కొడుకు చెయ్యి కోసం ప్రార్థించమంది. మోకాలి ఆపరేషను కావలసిన ముసలాయన తర్వాత, వాన కన్నా ముందు, అరవై మంది తలలు వంచుకుని లైల్ కుడిచేతి కోసం దేవుణ్ణి అడిగారు. లైల్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా అతను కూడా కళ్ళు మూసుకుని గట్టిగా అడిగాడు. చెయ్యి కాకపోతే ఇంకేదైనా సరే, ఏది పాడైందో అది బాగుచెయ్యమని అడిగాడు.

గురువారం ప్రాక్టీసు తేలిగ్గా ఉంటుంది, హెల్మెట్లు కూడా పెట్టుకోరు. రూబెన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఇంకొకడి స్థానం తనకి వస్తోందంటే ముఖం దాచుకునే రకం. పరిగెత్తేవాడు మలుపు తిరగకముందే బంతి వదలడం తనకి ఎన్నిసార్లు చేసినా రావడం లేదని, లైల్‌కి ఎలా తెలిసేదో చెప్పమని అడిగాడు. తెలిసేది అన్నాడు, తెలుస్తుంది అనలేదు. ఆ తేడా లైల్ చెవిన పడింది.

"వాణ్ణి చూడకు. వాడికి అడ్డంగా ఉన్నవాడి నడుము చూడు. ఆ నడుము తిరిగిందంటే వాడింక వెనక్కి రాలేడు. అప్పుడు ఖాళీ చోటికి వెయ్యి. మనవాడు వచ్చి చేరతాడు," అన్నాడు లైల్.

రూబెన్ వెళ్ళి అలాగే వేశాడు. బంతి వెళ్ళి, పరిగెత్తేవాడి చేతుల్లో వాలింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ వాలింది. లైల్‌కి ఏడుపొచ్చింది. కుర్రాడి మీద అసూయ కాదది. చెప్పాల్సిందంతా తనకింకా తెలుసు, తలలో ఒక్క అక్షరం చెరగలేదు, చెయ్యడం మాత్రం పోయింది. అదెక్కడికి పోయిందో వెతకడానికి కూడా దారి కనిపించలేదు.

రూబెన్ నవ్వుతూ వెనక్కి వచ్చి, "థాంక్స్ బ్రో," అని, నాలుగు గజాల దూరం నుంచి బంతిని మెల్లగా కింద నుంచి పైకి ఎగరేశాడు. పసిపిల్లలకి వేసినట్టు వేశాడు. లైల్ రెండు చేతులూ చాచాడు. బంతి చేతుల మధ్యలోంచి వచ్చి ముక్కు మీద తగిలింది.

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. లైల్ కూడా నవ్వబోయాడు. ముక్కు నుంచి రక్తం కారి గడ్డంమీదికి వచ్చినా అతను చేతులు ఇంకా అలాగే చాచి ఉంచడం చూసి, ఒక్కొక్కరే నవ్వు ఆపారు.

ఆ సాయంత్రం లైల్ టైరు దగ్గరికి వెళ్ళలేదు. పెరటి మెట్ల మీద కూర్చుని అదే ఆలోచించాడు. టైరు ఊగుతుంది సరే. ఆటలో మీదికి మనుషులొస్తారు సరే, అక్కడ భయమంటే భయమే అనుకోవచ్చు. రూబెన్ వేసిన బంతికి భయపడేదేముంది? భయం కాకపోతే ఏమిటి? తల బాగుందని మిషను చెప్పింది. కాని మిషను ఏం చెప్పాలో నిర్ణయించింది తనే. అప్పుడు తట్టింది అతనికి, దెబ్బ తగిలాక తను నిజంగా ఎంత చెయ్యగలడో తనకి కూడా తెలియదని. ఒక్కసారి, కల్తీ లేకుండా, ఉన్నదంతా పెట్టి ఆ పరీక్ష చెయ్యాలి. మార్కు ఎక్కువొచ్చి దొంగతనం బయటపడినా ఫర్వాలేదు. తొంభై వస్తే తల బాగున్నట్టు, అప్పుడు తను పిరికివాడే. తక్కువొస్తే? ఏది రావాలని కోరుకోవాలో అతనికి తేలలేదు.

శుక్రవారం కుర్రాళ్ళందరూ జెర్సీలు తొడుక్కుని బడికొస్తారు. లైల్ తన ఏడో నంబరు జెర్సీలో, భోజనం గంట కొట్టగానే మిస్ బ్రెండా గదికి వెళ్ళాడు. ఆవిడ బెణుకులకి కట్టే గుడ్డ పట్టీలు చుట్టి డబ్బాలో సర్దుకుంటోంది. తల పరీక్ష మళ్ళీ పెట్టమన్నాడు.

"పదకొండేళ్ళ నుంచి చేస్తున్నా బాబూ ఈ పని. ఆ పరీక్ష పెట్టమని అడిగినవాణ్ణి నిన్నే చూడటం," అంది ఆవిడ. ఇంకా ఏదో అడగబోయి, ముక్కు మీద వాపు చూసి, కంప్యూటరు తెరిచింది.

ఇరవై అయిదు నిమిషాలు లైల్ ఆ తెర ముందు కూర్చున్నాడు. పన్నెండు మాటలు ఒక్కొక్కటే వచ్చి వెళ్ళాయి. పెదవులు కదుపుతూ బట్టీ పట్టాడు. రంగు మారిందో లేదో మీట నొక్కాడు, వేలు మీటకి ఆనించే ఉంచాడు. గీతల బొమ్మలు అటూ ఇటూ తిప్పి చూపిస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాడు. కావాలని ఒక్కటీ వదల్లేదు. మాటలు మళ్ళీ అడిగినప్పుడు కొన్ని ముందు చూసినవో కావో తెలియక కళ్ళు చికిలించి, బల్ల అంచు పట్టుకుని వెతుక్కున్నాడు. ఏ ఆటలోనూ అంత పట్టుగా ఆడలేదు. అయిపోయేసరికి వీపంతా తడిసిపోయింది. బాగా చేశాననిపించింది. గుండెలో ఎక్కడో కాస్త సంతోషం కూడా వేసింది.

మిస్ బ్రెండా తెర తనవైపు తిప్పుకుని, ఆగస్టు కాగితం పక్కన పెట్టుకుని చూసింది. ముఖం విప్పారింది.

"అరవైఎనిమిది. ఆగస్టులో డెబ్బయి ఒకటి. మూడు తేడా అనేది అసలు లెక్కలోకే రాదు," అంది. "నీ తల నిక్షేపంలా ఉంది. వెళ్ళి తిను, సాయంత్రం ఆడాలి."

లైల్ కుర్చీలోంచి లేవలేదు. ఆగస్టులో ఆ డెబ్బయి ఒకటి ఎలా తెచ్చుకున్నాడో అతనికి బాగా గుర్తుంది. ఆవలిస్తూ, పక్కవాడి కాలు తన్నుతూ, పదింటికి మూడు తప్పు చేస్తూ తెచ్చుకున్నాడు. ఇవాళ ప్రాణం పెట్టి చేస్తే అదికూడా రాలేదు.

కారిడారులో బ్యాండువాళ్ళు డోళ్ళు సరిచూసుకుంటున్నారు. ఆవిడ సంతకం పెట్టిన కాగితం బల్ల మీద ఉంది. అది జేబులో పెట్టుకుని వెళ్ళిపోతే మొదటి సగం తనదే, ఎవరూ కాదనరు. ఆ సగంలో తను చెడగొడితే రూబెన్ దిగుతాడు, అరవైతొమ్మిది మార్కులవాడు. వాడికి కూడా ఎవడో ఎడమవైపు నుంచి వస్తాడు. వాడి తల కూడా బాగుందనే మిషను చెబుతుంది. నోరు విప్పితే ఆగస్టు మార్కులు దొంగవని తేలుతుంది, ఇవాళ జట్టులో సగంమంది హెల్మెట్ ముట్టుకోవడానికి వీల్లేదు, ఆటే ఉండకపోవచ్చు. నాలుగువేల మంది కూర్చునే బల్లలు ఖాళీగా ఉంటాయి, ఎవడి వల్లో ఊరంతటికీ తెలుస్తుంది. తండ్రి ఆ ఊళ్ళోనే రేపు మిల్లుకి వెళ్ళాలి.

"మిస్ బ్రెండా, ఆగస్టులో నేను కావాలని తప్పులు చేశాను."

ఆవిడ చేతిలోని పట్టీ చుట్ట బల్ల మీద పెట్టింది.

"ఎన్ని?"

"పదింటికి మూడు."

"ఇవాళ?"

"ఇవాళ ఒక్కటి కూడా కావాలని చెయ్యలేదు మేడమ్."

ఆవిడ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకెవరెవరు అలా చేశారని అడిగింది. జట్టులో సగంమంది అన్నాడు, ఈ ఏడాది నేర్పింది తనేనన్నాడు, ముందు రూబెన్‌ని పిలిచి మాట్లాడమన్నాడు. ఆవిడ బల్ల మీది కాగితం తీసి రెండుగా చింపి, ఫోను అందుకుని కోచ్ గది నంబరు నొక్కింది. అవతల మోగుతుండగా, లైల్ మోకాలి మీద చెయ్యి వేసి, తగ్గిన గొంతుతో అడిగింది.

"నీకు ఎలా ఉందమ్మా?"

మూడు వారాల్లో ఆ మాట అతన్ని అడిగినవాళ్ళు లేరు. చెయ్యి ఎలా ఉందని అడిగారు, శుక్రవారానికి ఎలా ఉందని అడిగారు.

"నాకేదీ ఉన్నచోట కనిపించట్లేదు మేడమ్," అన్నాడు లైల్. పదిహేడేళ్ళ కుర్రాడు, ఆరడుగుల రెండంగుళాల మనిషి, ఆవిడ ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఫోనులో కోచ్ గొంతు ఎవరది, ఎవరది అంటూనే ఉంది.

"నేను పిరికివాణ్ణయిపోయాననుకున్నాను," అన్నాడు లైల్ ఆవిడతో.